తెరుచుకున్న కన్నాల లెక్క

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం, కల్లూరు)



1948లో ఆరియోమైసిన్ అనే మందు వెలువడింది. న్యూయార్క్‌కు దగ్గర్లోని పెరల్ రివర్‌లో, లెడర్లీ ప్రయోగశాలలో, బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని తీశాడు. ఆ పరిశోధనలన్నిటికీ పెద్ద దిక్కు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మందు వచ్చిన ఏడాదే, ఆగస్టులో, ఆయన కన్నుమూశారు. ఆ మందు వెంట టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్ వచ్చాయి. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అన్న వార్త పొక్కగానే దేశంలోని మందుల షాపుల ముందు జనం బారులు తీరింది టెట్రాసైక్లిన్ గోలీల కోసమే. ఎలుక మూత్రం కలిసిన నీళ్లలో తిరిగినవాళ్లకు వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు, మనవాళ్లు ఎలుక జ్వరం అనేదానికి, ఇవాళ్టికీ డాక్టర్లు రాసే మందుల్లో డాక్సీసైక్లిన్ ఒకటి.

అంత పెద్ద మనిషి స్మృతిలో ఇచ్చే ఉపన్యాసానికి ఎలుకల గొడవ ఎందుకన్న అనుమానం ఎవరికైనా వస్తే సమాధానం అక్కడే ఉంది. సుబ్బారావు బృందం ఇచ్చిన మందులు ఎలుక తెచ్చిన జబ్బును నయం చేస్తాయి. ఎలుకను బస్టాండు నుంచి, పార్కు నుంచి పంపించే పని మాత్రం ఏ గోలీ వల్లా కాదు. అది చీపురు, పార, రిజిస్టరు పట్టుకున్నవాళ్ల పని.

బస్టాండు, పార్కు, మధ్యలో గోడ

కల్లూరు ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్లే రోడ్డు మీది ఊరు. మండల కేంద్రం, రెవెన్యూ డివిజన్ కేంద్రం, ఇటీవలే మున్సిపాలిటీ. చుట్టూ నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి, మెట్టల్లో మిర్చి, పత్తి, మామిడి. సత్తుపల్లి దాటి అశ్వారావుపేట వైపు పోతే పామాయిల్ తోటలు, అటుపైన భద్రాచలం అడవులు. పంచాయతీ మున్సిపాలిటీగా మారిన ఏ ఊరికైనా పన్నులతో పాటు పార్కులూ వస్తాయి. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం పట్టణ బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికే కేటాయించమంది. అంటే కల్లూరులో రేపు నాటబోయే మొక్కలకు డబ్బుంది. ఆ మొక్కల కింద ఎవరు కాపురం పెడతారన్నది ముందే ఆలోచించుకోవలసిన సంగతి.

ఎలుకకు కావలసినవి మూడు: తిండి, నీళ్లు, తలదాచుకునే చోటు. ఈ మూడూ ముప్పై నలభై మీటర్ల లోపల దొరికితే అది అంతకు మించి తిరగదు. బస్టాండు దగ్గర తిండికి కొదవ ఉండదు. టిఫిన్ బండ్ల కింద రాలిన ఇడ్లీ ముక్కలు, బజ్జీల బండి పక్కన శనగపిండి ముద్దలు, చెరకు పిప్పి, సీట్ల కింద పల్లీ గింజలు, పార్సిల్ గోదాముల దగ్గర చిరిగిన బస్తాలు. పక్కనే పార్కు ఉంటే నీళ్లు పెట్టిన మెత్తటి మట్టి, అడుగున చీకటిగా ఉండే కంచె మొక్కలు, కారే కుళాయి దొరుకుతాయి. పగలు పార్కులో నిద్ర, చీకటి పడ్డాక బస్టాండులో భోజనం. మధ్యలో ఉన్న ప్రహరీ గోడ ఆర్టీసీకి, మున్సిపాలిటీకి మాత్రమే సరిహద్దు.

పెద్ద ఊళ్లలో ఈ అమరిక ఇంకా పెద్దది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌కు ఒకవైపు నాంపల్లి రైల్వే స్టేషన్, దగ్గర్లోనే అసెంబ్లీ మెట్రో స్టేషన్. అలాంటి ఒక్క చోట రైల్వే, మెట్రో, తోటల శాఖ, నగరపాలక సంస్థ అందరికీ తలా కొంత నేల ఉంటుంది. కూడుకుని ఒక పని చేయాలంటే మాత్రం ఎవరి ఫైలు వాళ్లదే.

ఎలుకలన్నీ ఒకటి కావు. ఇళ్లలో అటకల మీద, కేబుల్ తీగల మీద పరిగెత్తేది ఇంటి ఎలుక; దానికి ఎక్కడం వచ్చు. పొలం గట్ల నుంచి పార్కు మట్టిలోకి దిగి సొరంగాలు తవ్వేది పందికొక్కు. కన్నం నోటి దగ్గర తవ్విన మట్టి కుప్పగా పోస్తుంది, లోపల గింజలు దాస్తుంది. కాలువ గోడలు, కాలిబాట రాళ్లు కుంగితే దాని చేతివాటం ఉందేమో చూడాలి. చిట్టెలుక వీటన్నిటికన్నా చిన్నది, పెన్సిలు దూరేంత సందు చాలు. ఏది ఉందో తెలియకుండా బోను పెడితే అటక మీది దానికి నేల మీద, నేలలోదానికి గోడ మీద పెట్టినట్టవుతుంది. పందికొక్కు చూలు మూడు వారాలకు కాస్త మించి. ఒక్కో ఈతకు ఆరేడు పిల్లలు మామూలు. మూడు నెలలకు ఆ పిల్లలూ ఈతకొస్తాయి.

చచ్చిన ఎలుకల లెక్క

ఎలుకల మీద యుద్ధం ప్రకటించిన ప్రతి ఆఫీసూ మొదట లెక్కపెట్టేది శవాలనే. 1902లో హనోయ్‌ని ఏలుతున్న ఫ్రెంచివాళ్లు ప్లేగు భయంతో ఎలుక తోకకు ఇంత అని బహుమతి పెట్టారు. తోకలు వేలల్లో వచ్చిపడ్డాయి. కొన్నాళ్లకు తోకల్లేని ఎలుకలు ఊళ్లో తిరుగుతూ కనిపించాయి. తోక కోసి ఎలుకను వదిలేస్తే అది మళ్లీ పిల్లలు పెడుతుంది, మళ్లీ తోకలు వస్తాయి. ఊరి బయట డబ్బుల కోసం ఎలుకల్ని పెంచుతున్న సంగతీ బయటపడింది. పథకం ఆపేశారు.

ముంబై నగరపాలక సంస్థలో రాత్రిపూట కర్రా టార్చిలైటూ పట్టుకుని ఎలుకల్ని కొట్టే ఉద్యోగులున్నారు. రాత్రికి ముప్పై ఎలుకలు వాళ్ల కోటా. సందుల్లో చెత్తకుప్పల మధ్య, కరెంటు స్తంభాల నీడల్లో ఆ పని చేయడం తేలికేం కాదు. కానీ పొద్దున ముప్పై ఎలుకలు లెక్క చూపించాక, అదే సందులో అదే చెత్త మళ్లీ పడుతుంది.

రైల్వేల లెక్కలు సమాచార హక్కు చట్టం వల్ల పేపర్లకెక్కాయి. 2016–19 మధ్య మూడేళ్లలో చెన్నై డివిజన్ 5.89 కోట్ల రూపాయలు ఖర్చుపెట్టి 2,636 ఎలుకల్ని పట్టింది. భాగిస్తే ఎలుకకు ఇరవై రెండు వేల పైచిలుకు. లక్నో డివిజన్‌లో 2020 నుంచి మూడేళ్లకు 69.5 లక్షలు, 168 ఎలుకలు. అంటే ఎలుకకు నలభై ఒక్క వేలు. ఈ వార్త చదివి దేశం నవ్వుకుంది. ఆ డబ్బు ఎలుకలు పట్టడానికొక్కదానికే కాదని, బోగీల్లో బొద్దింకలు, పురుగులు, ఎలుకలు చేరకుండా చేసే పని మొత్తానిదని రైల్వే వివరణ ఇచ్చింది. ఆ మాటలో న్యాయం ఉంది. ఎలుకలు రాకుండా చేసే పని బాగా జరిగితే పట్టుబడే ఎలుకలు తక్కువే ఉంటాయి. శవాన్ని కొలబద్దగా పెట్టుకున్నప్పుడు పని బాగా చేసినవాడు, అసలు చేయనివాడు కాగితం మీద ఒకేలా కనిపిస్తారు.

వరి గట్ల మీది చదువు

పట్నాల ఆఫీసులకు తెలియని కొలత కల్లూరు చుట్టుపక్కల రైతులకు కొత్తది కాదు. వ్యవసాయాధికారులు ఏళ్లుగా చెబుతున్న పద్ధతి ఇది: సాయంత్రం పొలం గట్ల మీది కన్నాలన్నీ మట్టితో మూసేయాలి. తెల్లారాక వెళ్లి చూడాలి. తెరుచుకున్నవాటిలో ఎలుక ఉన్నట్టు. మూసినవి మూసినట్టే ఉంటే అవి ఖాళీ ఇళ్లు. మందు పెట్టేది తెరుచుకున్నవాటిలోనే. వారం పది రోజులయ్యాక మళ్లీ మూసి, మళ్లీ చూస్తే పని ఎంతవరకు పారిందో అక్కడికక్కడే తెలిసిపోతుంది. దీనికి యంత్రం అక్కర్లేదు, పార ఒక్కటి చాలు.

రెండో పాఠం గోదావరి డెల్టాది. అక్కడ వరిని ఎలుకలు తుంపులు తుంపులుగా కొరికేస్తాయి. ఒక రైతు తన మూడెకరాలకు మందు పెట్టుకుంటే పక్క చేలోని ఎలుకలు రెండు వారాల్లో ఆ ఖాళీలోకి దిగుతాయి. అందుకే వ్యవసాయశాఖ అక్కడ సామూహిక ఎలుకల నిర్మూలన చేపడుతుంది. ఊరి ఆయకట్టులో అందరూ ఒకే రోజున, ఒకే మందు పెడతారు. నూటికి తొంభై ఆరు పాళ్లు నూక, రెండు పాళ్లు వంటనూనె, రెండు పాళ్లు బ్రోమోడయోలోన్ అనే ఎలుకల మందు పొడి కలిపి, పది పదిహేను గ్రాముల పొట్లాలు కట్టి కన్నానికొకటి వేస్తారు. మారుటేరు వరి పరిశోధనా కేంద్రం, రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఈ విద్యలో శిక్షణ ఇస్తాయి. అదను కూడా ముఖ్యమే. చేలో గింజ లేని రోజుల్లో, గట్లు బోసిగా ఉన్నప్పుడు పెడితేనే ఎలుక ఆకలితో ఎరను ముట్టుకుంటుంది.

ఇంకొక విద్య పుస్తకాల్లో లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వెదురుతో, తాటాకుతో చేసిన బుట్టల్ని రాత్రి గట్ల వెంట అమర్చి, పొద్దున ఎలుకలతో సహా తీసుకెళ్లే పనివాళ్లున్నారు. వాళ్లలో యానాదులు ఎక్కువ. ఏ కన్నం ముఖద్వారమో, ఏది దొడ్డిదారో, ఎలుక ఏ గట్టు మీదుగా నడుస్తుందో వాళ్లకు చూడగానే తెలుస్తుంది. విషం లేదు, పిట్టకు, కుక్కకు ప్రమాదం లేదు. పార్కుల్లో పిల్లలు ఆడుకుంటారు కాబట్టి పట్టణానికి ఎక్కువగా పనికొచ్చేది ఈ బుట్టల విద్యే. మున్సిపాలిటీలు టెండరు పిలిచేటప్పుడు ఈ పనితనానికి ఏ కాలమ్‌లోనూ చోటుండదు.

సూరత్‌లో ఒక తెలుగు పేరు

తెలుగు దేశానికి ప్లేగు పాత చుట్టమే. 1908 మూసీ వరద, 1911 ప్లేగు హైదరాబాద్‌ను కుదిపేశాక 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. గాలి వెలుతురు లేని ఇరుకు బస్తీలు తీసి కొత్త ఇళ్లు, వెడల్పు రోడ్లు వేసే పనికి అది పూనుకుంది. ప్లేగు ఎలుక మీది గోమారి ద్వారా పాకుతుందని పాల్ లూయీ సిమోన్ 1898లో కరాచీలో పరీక్షచేసి చూపించాడు. దాంతో ఎలుకకూ ఇంటికీ మధ్య దూరం పెంచడం ఊళ్లు కట్టే శాస్త్రంలో భాగమైంది.

1994 సెప్టెంబరులో ప్లేగు వార్త విన్న సూరత్ నుంచి లక్షల మంది రైళ్లు, బస్సులు పట్టుకుని పారిపోయారు. అంతకు ముందు వరద వచ్చింది, చెత్త కుళ్లింది, చచ్చిన పశువుల్ని తీయలేదు. మరుసటి ఏడాది మే నెలలో ఆ నగర కమిషనరుగా వచ్చిన ఐఏఎస్ అధికారి పేరు సూర్యదేవర రామచంద్రరావు, అక్కడివాళ్లకు ఎస్.ఆర్.రావు. ఆయన ఎలుకల్ని చంపించే బృందాలతో పని మొదలుపెట్టలేదు. ఆఫీసర్లందరూ ఏసీ గదులు వదిలి పొద్దున్నే వార్డుల్లో నడవాలన్నాడు. ఎక్కడికక్కడ నిర్ణయం తీసుకునే అధికారాన్ని జోనల్ అధికారులకు ఇచ్చాడు. రాత్రిపూట రోడ్లు ఊడ్పించాడు. చెత్త వేసిన హోటళ్లకు, దుకాణాలకు జరిమానా వేశాడు. రెండేళ్లు తిరక్కముందే వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ సర్వేలో సూరత్ చండీగఢ్ తర్వాత దేశంలో రెండో శుభ్రమైన నగరమైంది. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

న్యూయార్క్ దాదాపు అదే పాఠాన్ని ఆలస్యంగా నేర్చుకుంది. అక్కడ సబ్‌వే స్టేషన్ మెట్ల పక్కనే చిన్న పార్కులు, పార్కుల పక్కనే కాలిబాట మీద నల్ల ప్లాస్టిక్ సంచుల్లో చెత్త. దశాబ్దాల పాటు ఎలుకలకు సాయంత్రం నాలుగింటికే విందు మొదలయ్యేది. 2023 ఏప్రిల్ నుంచి సంచులు రాత్రి ఎనిమిది తర్వాతే బయట పెట్టాలన్నారు. ఆ నెలలోనే ఎలుకల పని చూసేందుకు ప్రత్యేక అధికారిగా కాథ్లీన్ కొరాడీని నియమించారు. 2024 మార్చి నుంచి వ్యాపారులు, నవంబరు నుంచి చిన్న ఇళ్లవాళ్లు మూతపెట్టిన డబ్బాల్లోనే చెత్త వేయాలన్నారు. తిండి బయట ఉండే గంటలు తగ్గించడమే అందులోని కిటుకు.

2025 జనవరిలో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన అధ్యయనం 16 నగరాల లెక్కలు తీసింది. 11 నగరాల్లో ఎలుకలు పెరిగాయి. టోక్యో, న్యూ ఆర్లియన్స్, లూయీవిల్‌లలో తగ్గాయి. ఉష్ణోగ్రత వేగంగా పెరిగిన నగరాల్లో, జనసాంద్రత ఎక్కువైన చోట్ల, చెట్టూచేమా తక్కువగా ఉన్నచోట పెరుగుదల ఎక్కువ. ఈ చివరి మాట పార్కుల మీద నిందవేసేవాళ్లు గమనించాలి. పచ్చదనం వల్లనే ఎలుకలు వస్తాయని చెట్లు కొట్టేస్తే లెక్క తప్పుతుంది. ఆ పదహారింటిలో భారతీయ నగరం ఒక్కటీ లేదు. మన ఊళ్లలో అన్నేళ్ల ఫిర్యాదుల రికార్డు ఉంచేవాళ్లెవరన్నది వేరే ప్రశ్న.

ఆసుపత్రి గోడ లోపల

బస్టాండులో ఎలుకను చూసి కాలు పక్కకు తీసుకుంటే సరిపోతుంది. ఆసుపత్రి మంచం మీద ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో పది రోజుల పసికందు ఎలుకలు కొరికి చనిపోయిన వార్త రాష్ట్రాన్ని నిలువునా కదిలించింది. 2022 మార్చి చివర్లో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఐసీయూలో ఉన్న రోగిని ఎలుకలు కరిచాయి. సూపరింటెండెంట్‌ను బదిలీ చేశారు, ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేశారు. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రికి తరలించిన ఆ రోగి బతకలేదు. 2024 డిసెంబరులో ఖమ్మం శివారు దానవాయిగూడెం బీసీ గురుకులంలో విద్యార్థినిని ఎలుకలు పదేపదే కరిచాయన్న వార్త ఈ జిల్లాదే.

మూడు చోట్లా ఎలుక గాల్లోంచి ఊడిపడలేదు. ఆసుపత్రులూ హాస్టళ్లూ బస్టాండ్లలాగే రేయింబవళ్లు మనుషులు తిని, మిగిల్చి, పారేసే చోట్లు. అటెండెంట్ల టిఫిన్ డబ్బాలు, మెస్ వెనక పారబోసిన అన్నం, జాలీ ఊడిన డ్రైనేజీ, పైపు చుట్టూ సిమెంటు వేయని కన్నం. అర అంగుళానికి కాస్త మించిన సందు చాలు, పెద్ద ఎలుక దూరుతుంది. సస్పెన్షన్ ఉత్తర్వు వల్ల ఆ పైపు చుట్టూ సిమెంటు పడదు.

మందు పెట్టేముందు

విషం వాడకూడదని ఈ ఉపన్యాసం చెప్పడం లేదు. ఏది, ఎక్కడ, ఎప్పుడు అన్నదే ప్రశ్న. బ్రోమోడయోలోన్ రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. ఎలుక కొన్ని రోజులు తీసుకుని చస్తుంది కాబట్టి మిగతావాటికి అనుమానం రాదు. పొరపాటున పిల్లలు తింటే విటమిన్ కె1 విరుగుడుగా ఉంది. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు. పైగా కొత్త వస్తువంటే ఎలుకకు జంకు కాబట్టి రెండు రోజులు ఉత్త నూక అలవాటు చేసి మూడో రోజు మందు కలపాలి. చిన్న దుకాణాల్లో అమ్మే పసుపు భాస్వరం పేస్టుకూ విరుగుడు లేదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పార్కు దరిదాపులకు అది రాకూడదు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు మనుషులు మసిలే చోట వాడేవి కానే కావు.

మందు తిన్న ఎలుకను తిన్నవాటికీ ఆ విషం అందుతుంది. న్యూయార్క్ జూ నుంచి తప్పించుకుని ఏడాది పాటు నగరంలో బతికిన ఫ్లాకో అనే గుడ్లగూబ 2024 ఫిబ్రవరిలో చనిపోయినప్పుడు దాని ఒంట్లో ఎలుకల మందు దొరికింది. మలేసియా పామాయిల్ తోటల్లో గుడ్లగూబలకు పెట్టెలు కట్టి మరీ ఎలుకల్ని అదుపు చేస్తారు. అశ్వారావుపేట తోటల పక్కనున్న ప్రాంతానికి ఆ పాఠం దగ్గరిది. గుడ్లగూబ ఇంటి మీద వాలితే అరిష్టమని తరిమేసి, జెర్రిపోతు కనిపిస్తే కర్ర తీసి, ఆ తర్వాత ఎలుకల మందుకు టెండరు పిలవడం మనకు అలవాటైన వరస.

కల్లూరుకు ఒక రిజిస్టరు

చేయవలసిన పని చిన్నదే. వరికోతలయ్యాక, వానలు పడకముందు ఒక సాయంత్రం బస్టాండు ఆవరణ, పక్కనున్న తోట, కాలువ గట్టు, హోటళ్ల వెనక సందు, కూరగాయల మార్కెట్టు అన్నిటా కన్నాలు ఒకేసారి మూయాలి. మర్నాడు పొద్దున తెరుచుకున్నవి లెక్కపెట్టి పటం మీద చుక్కలు పెట్టాలి. ఆ వారం కంచె మొక్కల కింది కొమ్మలు జానెడు ఎత్తువరకు కత్తిరించి నేల కనబడేలా చేయాలి, కారే కుళాయిలు బాగుచేయాలి, మూతలున్న డబ్బాలు పెట్టాలి. టిఫిన్ బండ్లు రాత్రి కట్టేసే వేళకు చెత్త ఆటో వచ్చేలా దాని టైము మార్చాలి. పొద్దున ఏడింటికి వచ్చే ఆటో ఎలుక తిన్నాక మిగిలినదాన్ని తీసుకెళ్తుంది. ఆ తర్వాతే బుట్టలు గానీ, తాళం వేసిన ఎర పెట్టెలు గానీ, కన్నంలో పొట్లం గానీ పెట్టాలి. ఖాళీ అయిన కన్నాల్లో రాళ్లూ సిమెంటూ దట్టించాలి. లేకపోతే కొత్తవాళ్లకు కట్టిన ఇల్లు అప్పజెప్పినట్టే.

బండ్లవాళ్లను తరిమేయడం ఇందులో భాగం కాదు. బస్సు దిగిన మనిషికి ఆకలి వేస్తుంది, వాళ్లుంటారు. చెత్త వేయడానికి చోటూ వేళా చూపించకుండా జరిమానా వేస్తే చెత్త గోడ అవతలికి, అంటే పార్కులోకి పోతుంది.

రిజిస్టరులో నెలకొక పేజీ చాలు. మూసిన కన్నాలు ఎన్ని, తెరుచుకున్నవి ఎన్ని, ఏ చోటివి ఎవరి ఆవరణలోవి. పట్టిన ఎలుకల కాలమ్ అక్కర్లేదు. కింద సంతకాలు రెండు: మున్సిపల్ కమిషనర్‌ది, ఆర్టీసీ తరఫు అధికారిది. ప్రతినెలా ఆ పేజీ నకలు బస్టాండులో టైంటేబుల్ పక్కన అంటించాలి. తెరుచుకున్న కన్నాల సంఖ్య వరుసగా మూడు నెలలు తగ్గకపోతే మందు మార్చేముందు చెత్త ఆటో ఎన్నింటికి వస్తోందో చూడాలని కౌన్సిల్ తీర్మానం చేయాలి. పచ్చదనానికి కేటాయించిన పదో వంతులోంచే దీనికి ఖర్చు సరిపోతుంది.